తొమ్మిదేళ్ల బాబుకు 46 కిలోలు: ఎందుకిలా అయింది, ఇప్పుడేం చేయాలి

అమ్మా, మీరు రాసింది రెండుసార్లు చదివాను. బాబుకు తొమ్మిదేళ్లు, ఎత్తు 134 సెంటీమీటర్లు, బరువు 46 కిలోలు. స్కూల్లో చెకప్ చేసి ఊబకాయం అని రాసిచ్చారు. మీ అత్తగారు మాత్రం "పిల్లాడు పుష్టిగా ఉన్నాడు, ఎత్తు పెరిగితే అదే సర్దుకుంటుంది, నలుగురిలో ఆ మాట అని దిష్టి పెట్టకండి" అంటున్నారు. మీ చిన్నప్పుడు క్లాసుకు ఒక్కరు లావుగా ఉండేవారు, ఇప్పుడు బాబు క్లాసులో పది మంది ఉన్నారు, ప్రపంచమంతా ఇలాగే ఉందంటున్నారు, ఎందుకని అడిగారు. రాత్రి అన్నం మాన్పించాలా, జిమ్‌లో చేర్చాలా అని కూడా అడిగారు. చివర్లో ఒక్క ముక్క రాశారు, "తప్పు నాదేనా?" అని. పిల్లల డాక్టరుగా 26 ఏళ్లుగా పనిచేస్తున్నాను. ఆ ఒక్క ముక్క ఈ మధ్య ప్రతి వారం ఎవరో ఒక తల్లి నోట వింటున్నాను. అందుకే కాస్త పొడుగ్గా రాస్తున్నాను.

ముందు సూటిగా చెప్తాను. అవును, ఇది ఊబకాయమే. మీరిచ్చిన కొలతలతో లెక్క వేస్తే బాబు బీఎంఐ (ఎత్తుకు తగ్గ బరువుందో లేదో చెప్పే లెక్క) 25.6 వస్తుంది. పిల్లలకు పెద్దవాళ్ల లెక్క వాడకూడదు, వయసు చార్టులో చూడాలి. మన పిల్లల కోసం భారతీయ పిల్లల వైద్యుల సంఘం 2015లో తయారుచేసిన చార్టులో ఈ వయసుకు ఊబకాయం గీత ఎక్కడుందో, బాబు దానికి చాలా పైన ఉన్నాడు. స్కూలు వాళ్లు పొరపాటు పడలేదు.

"ఎత్తు పెరిగితే సర్దుకుంటుంది" అనే మాట నెలల పిల్లల విషయంలో చాలావరకు నిజం. ఏడాది పిల్లలు బొద్దుగా ఉంటారు, నడక వచ్చాక సన్నబడతారు. అయిదారేళ్ల దాకా బీఎంఐ తగ్గుతూ వచ్చి, అక్కడి నుంచి మెల్లగా పైకి మళ్లుతుంది. కొందరిలో ఈ మలుపు నాలుగేళ్లకే వచ్చేస్తుంది. వాళ్లకు పెద్దయ్యాక ఊబకాయం వచ్చే అవకాశం ఎక్కువ. తొమ్మిదేళ్ల పిల్లాడు ఈ బరువులో ఉంటే దానంతట అదే సర్దుకుంటుందని కూర్చోకూడదు.

అలాగని మీ అత్తగారి మీద కోపం తెచ్చుకోకండి. ఆవిడ తరం చూసిన లోకం వేరు. తట్టమ్మ పోసినా, విరేచనాలు పట్టుకున్నా ఒళ్లున్న పిల్లాడు తట్టుకునేవాడు, బక్క పిల్లాడు వారం తిరక్కుండా పోయేవాడు. అప్పట్లో "ఇంకో ముద్ద" అనడం అంటే ప్రాణం కాపాడుకోవడమే. ఆ భయం ఇంకా పూర్తిగా పాతబడలేదు కూడా. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో అయిదేళ్లలోపు పిల్లల్లో 35.5 శాతం మంది వయసుకు తగ్గ ఎత్తు లేరు. అదే సర్వేలో బరువు ఎక్కువైన పిల్లలు 3.4 శాతానికి చేరారు, అంతకు ముందు సర్వేలో 2.1 శాతమే. నా దగ్గరికి ఒకే రోజున, ఒకే వీధి నుంచి ఈ రెండు రకాల పిల్లలూ వస్తారు.

ఇక ప్రపంచం సంగతి. 1990లో ప్రపంచం మొత్తం మీద 5 నుంచి 19 ఏళ్ల పిల్లల్లో ఊబకాయం ఉన్నవాళ్లు 3 కోట్ల 10 లక్షలు. 2022కి ఆ లెక్క 15 కోట్ల 90 లక్షలకు చేరింది. మన దేశంలో 1990లో సుమారు 4 లక్షల మంది ఉంటే, 2022కి కోటీ పాతిక లక్షల మంది అయ్యారు. 2025లో ఐక్యరాజ్యసమితి పిల్లల సంస్థ యునిసెఫ్ మరో మాట చెప్పింది: బడి వయసు పిల్లల్లో ఊబకాయం ఉన్నవాళ్లు (9.4 శాతం) బరువు తక్కువున్నవాళ్లను (9.2 శాతం) మొదటిసారి దాటేశారు. 2000లో ఊబకాయం 3 శాతమే, బరువు తక్కువున్నవాళ్లు దాదాపు 13 శాతం. ఇంకా ఈ దాటడం జరగనివి రెండే ప్రాంతాలు, సహారాకు దిగువనున్న ఆఫ్రికా, మన దక్షిణాసియా.

ముప్పై ఏళ్లలో మనిషి జన్యువులు మారవు. ముప్పై ఏళ్లలో కోట్ల మంది పిల్లలు ఒక్కసారిగా బద్ధకస్తులూ అయిపోరు. మారింది వాళ్ల చుట్టూ ఉన్నది. దీనికి పసిఫిక్ దీవులను మించిన సాక్ష్యం లేదు. యునిసెఫ్ లెక్కలో ఊబకాయం అన్నిటికంటే ఎక్కువున్నది నియుయేలో (38 శాతం), కుక్ ఐలాండ్స్‌లో (37 శాతం), నౌరులో (33 శాతం). ఆ మనుషులు తరతరాలుగా చేపలు, కొబ్బరి, దుంపలు తిని బతికినవాళ్లు. నౌరులో ఎరువులకు వాడే ఫాస్ఫేట్ ఖనిజం కోసం దీవి మధ్య భాగమంతా తవ్వి పారేశారు, పండించుకోవడానికి నేల మిగల్లేదు. ఓడల్లో దిగే తెల్ల బియ్యం, డబ్బా మాంసం, చక్కెర పానీయాలే తిండి అయ్యాయి. ఓడలు తెచ్చినదే తిన్నారు, అంతకంటే వాళ్లు చేసిన తప్పేమీ లేదు. మన వీధిలోకి ఓడ రాదు. కిరాణా కొట్టు ముందు తోరణాల్లా వేలాడే అయిదు రూపాయల ప్యాకెట్లు వస్తాయి, ఫోన్‌లో ఒక్క నొక్కుతో పది నిమిషాల్లో తలుపు తట్టే సరుకు వస్తుంది.

ఈ ప్యాకెట్ తిండి గురించి ఒక ప్రయోగం చెప్పాలి. 2019లో అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థలో కెవిన్ హాల్ బృందం 20 మంది పెద్దవాళ్లను ఆస్పత్రిలోనే ఉంచి, రెండు వారాలు ఫ్యాక్టరీలో తయారైన తిండి, రెండు వారాలు మామూలుగా వండిన తిండి పెట్టింది. పెట్టిన భోజనాల్లో కేలరీలు, చక్కెర, కొవ్వు, పీచు సమానంగా ఉండేలా చూశారు. ఎంత కావాలంటే అంత తినమన్నారు. ఫ్యాక్టరీ తిండి పెట్టిన రోజుల్లో వాళ్లు తమకు తెలియకుండానే రోజుకు సుమారు 500 కేలరీలు ఎక్కువ తిన్నారు, రెండు వారాల్లో దాదాపు కిలో పెరిగారు. రెండో రకం తిండికి మారగానే అంతే తగ్గారు. మెత్తగా ఉండి నోట్లో ఇట్టే కరిగిపోయే తిండిని గబగబా తినేస్తాం, కడుపు నిండిందని మెదడుకు కబురు అందేలోపే ప్యాకెట్ ఖాళీ అవుతుంది. పెద్దవాళ్ల గతే అది. అలాంటప్పుడు తొమ్మిదేళ్ల పిల్లాడిని "నీకు కంట్రోల్ లేదు" అనడం న్యాయమా?

మన పిల్లల విషయంలో ఇంకో చిక్కుంది. తల్లిదండ్రులకు ఇది తప్పక తెలియాలి. పుణెలో డాక్టర్ చిత్తరంజన్ యాజ్నిక్ 1990ల నుంచి తల్లులను, వాళ్లకు పుట్టిన పిల్లలను వెంట ఉండి పరిశీలిస్తూ వచ్చారు. అక్కడి పల్లెల్లో పుట్టిన బిడ్డల సగటు బరువు 2.7 కిలోలు, ఇంగ్లండ్ బిడ్డలది 3.5 కిలోలు. మనవాళ్లకు కండ తక్కువ, కాలేయం లాంటి అవయవాలు చిన్నవి, కానీ కొవ్వు మాత్రం దాదాపు వాళ్లతో సమానంగా ఉంది. చూడ్డానికి సన్నం, లోపల కొవ్వు. యాజ్నిక్ తన మీదే దీన్ని చూపించారు. ఆయనదీ, ఆయన స్నేహితుడైన ఇంగ్లండ్ డాక్టర్ జాన్ యుడ్కిన్‌దీ బీఎంఐ ఒకటే, 22.3. కొవ్వు కొలిస్తే యుడ్కిన్ ఒంట్లో 9.1 శాతం, యాజ్నిక్ ఒంట్లో 21.2 శాతం. ఇద్దరూ పక్కపక్కన నిలబడితే ఎవరికీ తేడా కనిపించదు. అందుకే తెల్లవాళ్ల లెక్కలో "కొంచెం బొద్దు" అనిపించే స్థాయిలోనే మన పిల్లలకు షుగరు, కాలేయంలో కొవ్వు మొదలవుతాయి. గర్భంలో పోషకాలు చాలక చిన్నగా పుట్టిన బిడ్డకు, తర్వాత "తూకం పెరగాలి" అని చక్కెర, నెయ్యి, డబ్బా పొడులు దట్టిస్తే, ఒంట్లో చేరేది ఎక్కువగా కొవ్వే.

తొలి రోజుల తిండి ఎంత దూరం వెంటాడుతుందో బ్రిటన్‌లో తేలింది. రెండో ప్రపంచ యుద్ధం నాటి చక్కెర రేషన్‌ను అక్కడ 1953 సెప్టెంబరులో ఎత్తేశారు. దానికి కాస్త ముందు, కాస్త తర్వాత కడుపున పడ్డవాళ్లను యాభై అరవై ఏళ్ల వయసులో పోల్చి 2024లో ఒక పరిశోధన వచ్చింది. గర్భంలోనూ, తొలి రెండేళ్లలోనూ చక్కెర తక్కువ అందినవాళ్లకు షుగరు జబ్బు ముప్పు సుమారు 35 శాతం, బీపీ ముప్పు సుమారు 20 శాతం తక్కువ. మీ పాపకు పదినెలలని రాశారు కదా, దాని పాలల్లో చక్కెర వేయకండి. రెండేళ్లు నిండేదాకా అసలు వద్దు.

చక్కెర మాట వచ్చింది కాబట్టి మీరు రాసిన బాబు దినచర్యలోకి వస్తాను. పొద్దున పాలల్లో రెండు చెంచాల చాక్లెట్ పొడి, బాక్సులో బిస్కెట్లు, సాయంత్రం డబ్బా జ్యూసు, ట్యూషన్ నుంచి వస్తూ చిప్స్, రాత్రి ఫోన్ చూస్తూ అన్నం. మీరు "హెల్త్ డ్రింకే ఇస్తున్నాం" అని రాశారు. ఆ మాటకు మన ఆహార చట్టంలో నిర్వచనమే లేదు. 2024 ఏప్రిల్‌లో కేంద్ర వాణిజ్య శాఖ బోర్న్‌విటాతో సహా ఇలాంటి పానీయాలన్నిటినీ ఆన్‌లైన్ అమ్మకాల్లో "హెల్త్ డ్రింక్స్" వరస నుంచి తీసేయమని చెప్పింది ఇందుకే. మీ ఇంట్లో డబ్బా వెనక్కి తిప్పి, వంద గ్రాములకు చక్కెర ఎంతో చదవండి. 30 గ్రాముల చుట్టుపక్కల ఉన్నవి నేను చాలా చూశాను. కూల్‌డ్రింక్ అయితే 250 మిల్లీలీటర్ల సీసాలో సుమారు ఆరు చెంచాల చక్కెర. ప్రపంచ ఆరోగ్య సంస్థ మేలని చెప్పే అయిదు శాతం లెక్కన ఈ వయసు పిల్లాడికి పైనుంచి కలిపిన చక్కెర రోజంతా కలిపి 20 గ్రాములు దాటకూడదు. ఆ ఒక్క సీసాతోనే అది దాటిపోతుంది.

పేరు చూసి మోసపోయేది మీరొక్కరే కాదు. హైదరాబాద్ పిల్లల డాక్టర్ శివరంజని సంతోష్ ఎనిమిదేళ్లు ఒంటరిగా పోరాడింది ఇలాంటి దాని మీదే. ఓఆర్‌ఎస్ (విరేచనాలైనప్పుడు తాగించే ఉప్పు, గ్లూకోజు కలిపిన ద్రావణం) అని పేరులో పెట్టుకుని మందుల షాపుల్లో, ఆస్పత్రుల్లో తీపి పానీయాలు అమ్మేవారు. అసలు ఓఆర్‌ఎస్‌లో లీటరుకు 13.5 గ్రాముల గ్లూకోజు ఉండాలి, వాటిలో అంతకు ఎన్నో రెట్లు చక్కెర. విరేచనాలైన పిల్లలకు తల్లులు అదే పట్టేవారు. చివరికి 2025 అక్టోబరులో కేంద్ర ఆహార భద్రతా సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ, ప్రామాణిక ఫార్ములా కాని ఏ పానీయం పేరులోనూ ఓఆర్‌ఎస్ అనే మాట వాడకూడదని ఆదేశమిచ్చింది. ఆ రోజు నేను నిజంగా సంతోషంతో కళ్లనీళ్లు పెట్టుకున్నాను. చదువుకున్న తల్లులు, డాక్టర్లు కూడా పోల్చుకోలేనంత తెలివిగా అట్టపెట్టె మీద రాసి అమ్ముతుంటే, మీ తప్పు ఎంత, అమ్మేవాడి తప్పు ఎంత? మీ ప్రశ్నకు నా జవాబు అదే, అమ్మా.

ఈ పోరాటాన్ని ఇంటి మీదే వదిలేయని దేశాలున్నాయి. చిలీ 2016లో చక్కెర, ఉప్పు, కొవ్వు, కేలరీలు మితిమీరిన ప్యాకెట్ల మీద నల్లటి ఎనిమిది మూలల ముద్ర వేయించింది. ముద్ర పడ్డ సరుకును బడిలో అమ్మకూడదు, పిల్లలకు ప్రకటనలు చూపకూడదు, డబ్బా మీద కార్టూన్ బొమ్మ ఉండకూడదు. ఏడాదిన్నరలో అక్కడ తీపి పానీయాల కొనుగోళ్లు సుమారు 24 శాతం తగ్గాయి. బ్రిటన్ 2018 నుంచి చక్కెర మోతాదును బట్టి కూల్‌డ్రింకుల మీద పన్ను వేసింది. పన్ను తప్పించుకోవడానికి కంపెనీలే చక్కెర తగ్గించుకున్నాయి. మెక్సికో 2014లోనే పన్ను పెట్టింది, 2025 మార్చిలో బడుల్లో జంక్ ఫుడ్ అమ్మకం ఆపేసింది. ఇంత చేసినా చిలీలో ఇప్పటికీ 27 శాతం పిల్లలకు ఊబకాయం ఉంది. ఒకసారి పెరిగాక తగ్గించడం అంత కష్టం. మన దగ్గర ఇంకా 4 శాతం లోపే ఉన్నప్పుడు మేలుకోవాలని నేను పోరేది అందుకే.

నాకు అన్నిటికంటే నచ్చింది జపాన్ పద్ధతి. అక్కడ బడి భోజనానికి 1954 నుంచి చట్టముంది. క్లాసులోనే పిల్లలు వంతులవారీగా ఒకరికొకరు వడ్డించుకుంటారు, టీచరూ వాళ్లతో కూర్చుని అదే తింటారు, పోషకాహారం చెప్పడానికి ప్రత్యేకంగా టీచర్లుంటారు. ధనిక దేశాల్లో పిల్లల ఊబకాయం బాగా తక్కువున్న దేశం అదే. మన బడుల్లో మధ్యాహ్న భోజనం ఉన్నచోట పప్పు, గుడ్డు దొరుకుతున్నాయి. ఫీజు కట్టే బడుల్లోనే క్యాంటీన్‌లో పఫ్‌లు, నూడుల్స్.

ఇప్పుడు బాబు సంగతి.

రాత్రి అన్నం మాన్పించకండి, డైట్ అనే మాటే ఇంట్లో అనకండి. ఎదిగే పిల్లాడికి బరువు దించడం కంటే బరువును ఉన్నచోట నిలపడం మా మొదటి లక్ష్యం. లెక్క చూడండి: ఏడాదిన్నరలో బాబు సుమారు ఎనిమిది సెంటీమీటర్లు పెరిగి 142కు వస్తాడు. అప్పటికీ 46 కిలోలే ఉంటే బీఎంఐ 25.6 నుంచి 22.8కి దిగుతుంది. ఒక్క పూట పస్తు లేకుండా. ఆకలితో పడుకోబెడితే మర్నాడు దొంగచాటుగా తింటాడు, తింటున్నందుకు సిగ్గుపడతాడు. ఆ సిగ్గు బరువు కంటే ఎక్కువ కాలం ఉండిపోతుంది. అలా పదహారేళ్లకు గదిలో తలుపేసుకుని తినే పిల్లలను చూశాను.

మార్పు ఇంటిల్లిపాదికీ ఒకేసారి రావాలి. వాళ్ల నాన్న మిక్చర్ తింటూ బాబుకు కీరా ముక్కలు పెడితే అది శిక్షే అవుతుంది. మొదట తాగేవాటిని మార్చండి, అన్నిటికంటే తేలికగా ఫలితం వచ్చేది అక్కడే. పొడి లేని పాలు, పల్చటి మజ్జిగ, నీళ్లు. జ్యూసు బదులు పండే కొరికి తినాలి, నమలడం కడుపు నింపుతుంది. రెండోది, కొనే దగ్గరే ఆపండి. అలమరలో ఉన్న ప్యాకెట్‌ను వద్దనడం రోజుకు పదిసార్లు యుద్ధం, కొనకపోవడం వారానికి ఒక్కసారి యుద్ధం. బడి నుంచి వచ్చేసరికి ఆకలి మండిపోతుంది కాబట్టి ఏదో ఒకటి సిద్ధంగా ఉంచండి: సెనగ గుగ్గిళ్లు, ఉడకబెట్టిన పల్లీలు, మొక్కజొన్న కండె, గుడ్డు, పెసరట్టు. పళ్లెంలో అన్నం కొంచెం తగ్గి పప్పు, కూర పెరగాలి. పండక్కి అరిసెలు, పుట్టినరోజుకు కేకు తిననివ్వండి, అవి పిల్లాడి జ్ఞాపకాలు. రోజూ వచ్చేదే ఒంటికి పడుతుంది, ఏడాదికోసారి వచ్చేది కాదు.

అన్నం తినేటప్పుడు ఫోన్ వద్దు, ఎవరి చేతిలోనూ. ఇది చెప్పినంత తేలిక కాదని తెలుసు, మొదటి వారం ఏడుస్తాడు. అత్తగారిని పక్కన కూర్చోబెట్టి కబుర్లు చెప్పమనండి, ముద్దలు కలిపి పెట్టడం బదులు అది ఆవిడ పని అవుతుంది. "చాలు" అని పిల్లాడు అన్నప్పుడు చాలనివ్వండి.

జిమ్ అక్కర్లేదు. రోజుకు ఒక గంట చెమట పట్టేలా ఆడితే చాలు. ఆ గంట ఎక్కడిదని అడుగుతారు, అదే అసలు సమస్య. అపార్టుమెంటులో నడిచే బడి, దానికి మైదానం లేదు. ఆరింటికి ట్యూషన్, ఆరో తరగతి నుంచే ఐఐటీ ఫౌండేషన్. నాలుగో తరగతి పిల్లాడికి రోజూ రెండు గంటల ట్యూషన్ ఎందుకమ్మా? వారంలో మూడు రోజులు దాన్ని తీసేసి, కింద పిల్లలతో క్రికెట్టో, సైకిలో, కబడ్డీయో ఆడనివ్వండి. రాత్రి తొమ్మిదిన్నరకల్లా పడుకోవాలి, తొమ్మిది గంటల నిద్ర తప్పనిసరి. నిద్ర చాలకపోతే ఆకలి పెంచే హార్మోన్లు పెరుగుతాయి.

బాబు మెడ వెనక నల్లగా గరుకుగా ఉందని, సున్నిపిండితో ఎంత రుద్దినా పోవడం లేదని రాశారు. రుద్దడం ఆపేయండి. అది మట్టి కాదు, ఒంట్లో ఇన్సులిన్ ఎక్కువైందని చర్మం చెప్పే గుర్తు. ఇదొక్కటీ చాలు, ఈ నెలలోనే పిల్లల డాక్టరును కలవడానికి. బీపీ చూడాలి, పరగడుపున షుగరు, కొలెస్ట్రాల్, కాలేయం పరీక్షలు చేయాలి. నిద్రలో గురక పెడితే అది కూడా చెప్పండి. థైరాయిడ్ కారణమేమోనని మీ భయం. థైరాయిడ్ లోపంతో లావయ్యే పిల్లలు మామూలుగా ఎత్తు ఎదగరు. బాబు ఎత్తు వయసుకు సరిగ్గానే ఉంది కాబట్టి అది కాకపోవచ్చు. బరువు తగ్గడానికని మీ అన్నయ్య అమెరికా నుంచి చెప్పిన ఇంజెక్షన్ సెమాగ్లుటైడ్ అయి ఉండాలి. అక్కడ దాన్ని 12 ఏళ్లు దాటినవాళ్లకే 2022 చివర్లో అనుమతించారు. బాబు విషయంలో ఇప్పుడు ఆ ఆలోచనే వద్దు.

ఇంట్లో నెలకోసారి టేపు తీసుకుని బొడ్డు దగ్గర నడుము చుట్టుకొలత చూడండి. అది ఎత్తులో సగం కంటే తక్కువుండాలి, అంటే బాబుకు ఇప్పుడు 67 సెంటీమీటర్ల లోపు. ఆ కొలత బాబుకు వినిపించనక్కర్లేదు, మీరు రాసి పెట్టుకోండి. "లడ్డూ", "బోండాం" అని పిలిచే చుట్టాలుంటే గట్టిగా ఆపేయండి, ముద్దుగా అన్నా సరే.

వచ్చే పేరెంట్స్ మీటింగులో ఒక విషయం అడగండి. ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ 2020 నిబంధనల ప్రకారం కొవ్వు, ఉప్పు, చక్కెర ఎక్కువున్న తిండిని బడిలోనూ, బడి గేటు నుంచి 50 మీటర్ల లోపులోనూ అమ్మకూడదు. బాబుది సీబీఎస్‌ఈ బడి కాబట్టి, ఏ పానీయంలో ఎంత చక్కెరో చూపే షుగర్ బోర్డు కూడా పెట్టాలి, 2025 మేలో సీబీఎస్‌ఈ అలా చెప్పింది. ఒక్కరే అడిగితే చూస్తామంటారు. బాబు క్లాసులో పది మంది ఉన్నారన్నారు కదా, వాళ్ల అమ్మల్లో ముగ్గురితో ముందే మాట్లాడి కలిసి వెళ్లండి. రిపోర్టులు వచ్చాక ఇక్కడే రాయండి, చూసి చెప్తాను.